జెముడుకాకి కూర

మా మనవరాలు పలక మీద ఉమ్మేసి అరచేత్తో తుడిచింది. ఎండకు వేడెక్కిన పలక మీద తడి పడితే ఒక వాసన వస్తుంది. అది మట్టి వాసన కాదు, సున్నం వాసనా కాదు. ఇనుప ముక్కను నాలుకకు తాకించినట్టు ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో మా ఆయన మార్కాపురం పలకల గని నుంచి ఇంటికి వస్తే ఆయన చొక్కాకు, జుట్టుకు, చెమటకు అదే వాసన. అది ముక్కుకు తగిలితే ఇప్పటికీ నా ఒళ్ళు బిగుసుకుపోతుంది, వెనకాలే దగ్గు వినిపిస్తుందేమోనని. దగ్గు రాదు. దగ్గే మనిషి పోయి చాలా ఏళ్ళయింది. అయినా ఆ కాసేపూ ఊపిరి బిగబట్టి వింటూ ఉంటాను. విన్నప్పుడల్లా ఆయనకంటే ముందు మా అత్త గురవమ్మ గుర్తుకు వస్తుంది.

మా అత్తను చూడనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. చూసినవాళ్ళకు ఏం చెప్పినా లాభం లేదు. వాళ్ళ దృష్టిలో ఆమె దేవత. 'గురవమ్మ కోడలివా, పెట్టి పుట్టినావు' అని ఇప్పటికీ సంతలో కనబడినవాళ్ళు అంటారు. వాళ్ళు ఆమె కింద కాపురం చేయలేదు. నేను చేశాను. ఆమె మీద నాకున్న ఫిర్యాదులు ఆమె పోయినంత మాత్రాన పోలేదు. నాకు మరుపు తక్కువ. గిద్దలూరు బడిలో నన్ను వెనక వరుసలోకి పంపిన పంతులమ్మ చీర అంచు ఏ రంగో కూడా నాకు గుర్తే. కాబట్టి మా అత్త మంచితనం చెప్పడానికి నేను కూర్చోలేదు. రాస్తూ ఉంటే మధ్యలో మంచి దొర్లితే అది నా తప్పు కాదు.

మాది గిద్దలూరు. మా నాయన సేద్యం వదిలిపెట్టి రైలు స్టేషను పక్కన కట్టెల అడితి పెట్టుకున్నాడు. రైళ్ళ చప్పుడు మీద మాట్లాడి మాట్లాడి మా ఇంటిల్లిపాదికీ గొంతు పెద్దది. నన్ను కొనకనమిట్ల దగ్గర ఒక మెట్ట ఊరికి ఇచ్చారు. అది మద్రాసు ప్రెసిడెన్సీ కాలం, గిద్దలూరు, మార్కాపురం అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ ఊళ్ళో వాన పడితేనే పంట, పంట వస్తేనే తిండి. బండి దిగి గుమ్మం ముందు నిలబడి, అడిగినదానికి జవాబు చెప్పాను. అంతే. మా అత్త చుట్టూ ఉన్న ఆడవాళ్ళ వైపు తిరిగి అన్నది: "ఏందిమే ఇది, గిద్దలూరు నుంచి కోడల్ని తెమ్మంటే రైలుకూతను తెచ్చినారు?" అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నా పేరు రైలుకూత. అమ్మానాన్నలు పెట్టిన పేరు రేషన్ కార్డు వచ్చిందాకా ఎవరికీ అవసరం పడలేదు.

మా చేను ఊరికి దూరంగా, కొండ వాలులో ఉండేది. చుట్టూ నాగజెముడు కంచె. మనిషి ఎత్తుకు మించి పెరిగి, అరచేతుల మీద అరచేతులు మొలిచినట్టు, ఒళ్ళంతా ముళ్ళతో ఉండేది. పనిలోకి దిగిన కొత్తలో, మిట్టమధ్యాహ్నం గంజి ముంత పట్టుకుని ఆ కంచె పక్కన నడుస్తున్నాను. గాలి లేదు, మనిషి అలికిడి లేదు. కంచె లోపలి నుంచి ఉన్నట్టుండి ఒక శబ్దం వచ్చింది. గుప్, గుప్, గుప్, గుప్. ఖాళీ గాదెలో కూర్చుని ఎవరో లోపలి నుంచి గుద్దుతున్నట్టు. నా గుండె చప్పుడే బయటికి వినబడుతోందేమో అనుకున్నాను. ముళ్ళ సందులో నుంచి ఎర్రటి కన్ను ఒకటి నన్నే చూస్తోంది. ముంత జారి పడి పగిలింది.

మా అత్త కొడవలి పట్టుకుని వచ్చి గంజి ఇంకిపోయిన నేలను చూసింది, నన్ను చూసింది. "దయ్యం గాదులే రైలుకూతా. జెముడుకాకి. నీ మాదిరే దానికీ గొంతు పెద్దది" అన్నది. ఆ రోజు నాకు గంజి లేదు. తన గంజిలో సగం పోస్తుందేమోనని చూశాను. పోయలేదు.

జెముడుకాకిని చూడనివాళ్ళు ఉంటారు కనుక చెబుతున్నాను. కాకి కంటే పెద్దది, ఒళ్ళు నలుపు, రెక్కలు ఇటుక రంగు, తోక పొడుగు, కళ్ళు నెత్తురు ముద్దలు. సరిగ్గా ఎగరలేదు. చేలో రైతు నడిచినట్టు సాళ్ళ మధ్య నడుస్తూ పోతుంది. మా అత్తకు వాటిని చూడటం ఒక పని. తొలకరి పడి ఆముదం మొలకలు రెండాకులు వేసే రోజుల్లో, కలుపు తీస్తూ తీస్తూ చెయ్యెత్తి నన్ను ఆపేది. గట్టు మీద కూర్చోమని సైగ చేసేది. ఒకసారి అట్లా కూర్చుని ఉంటే, మగది ఒకటి సాలు వెంట వచ్చి గొంగళిపురుగును పట్టింది. ఎర్రటి బొచ్చు పురుగు. ముట్టుకుంటే చెయ్యి తట్లు తేలుతుంది. కోడి కూడా దాన్ని ముట్టదు. జెముడుకాకి దాన్ని ముక్కుతో పట్టి నేలకు రాసి రాసి మింగింది. ఇంకొకటి. ఇంకొకటి. గట్టు రాళ్ళ కింద నుంచి తేలును లాగి తోక పట్టి విరిచింది. కాసేపటికి కంచె మొదట్లో నుంచి పాముపిల్లను పట్టుకుని వచ్చింది. సగం నోట్లో ఉంది, సగం బయట మెలికలు తిరుగుతోంది.

"దానికి విషం ఎక్కదా అత్తా?" అన్నాను.

"ఆకలి ముందు విషమెంత!" అన్నది. తరువాత, నాతో కాదు, చేనుతో చెప్పినట్టు, "తిను నాయనా, కడుపు నిండా తిను" అన్నది. నేను వెళ్ళినప్పటి నుంచి ఆమె ఆ మాట ఎవరితోనూ అనగా నేను వినలేదు. నాకైతే అసలే కాదు.

అప్పటికే ఆ పిట్టలు తగ్గిపోతున్నాయి. జెముడు ఉంటేనే అవి ఉంటాయి. ఆ ఏళ్ళలో జెముడుకు చావు వచ్చింది. దొరలు ఎక్కడి నుంచో పురుగును తెప్పించి దాని మీద వదిలారని ఊళ్ళో చెప్పుకునేవారు. తెల్లగా దూది పట్టినట్టు పట్టేది. పట్టిన మట్ట పట్టినట్టే కుళ్ళి, వంగి, నేల మీద పడేది. ముళ్ళ బీడంతా సాగులోకి వస్తుందని ఊరంతా సంబరపడింది. మా అత్త ఒక్కతే గోనెపట్టా ముక్క చేతికి చుట్టుకుని, పొద్దున్నే పోయి, మా కంచెకు పట్టిన దూదిని మట్ట మట్టకూ తుడిచేది. ఆ తెల్ల పురుగు నలిగితే లోపల ఎర్రటి రసం. మొదటిసారి ఆమె మోచేతుల దాకా ఎర్రగా ఇంట్లోకి వస్తే నేను అరిచిన అరుపుకు పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. "నెత్తురు గాదు, పురుగు రసం. నీ కూతకు నా నెత్తురు నిజంగానే ఇరిగేటట్టుండాది" అన్నది. ఎంత కడిగినా పోలేదు. ఆ చేతులతోనే నాకు సంగటి ముద్ద పెట్టింది. కంచం వైపు చూడకుండా తిన్నాను.

చుట్టుపక్కల కంచెలన్నీ నేలమట్టమయ్యాయి. నేను వచ్చిన కొత్తలో నాలుగు దిక్కుల నుంచీ వినబడిన గుప్ గుప్ శబ్దం, నాకు కొడుకు పుట్టే నాటికి మా చేను నుంచి తప్ప వినబడేది కాదు. అక్కడ ఒక్క జత మిగిలింది. ఒకటి పిలిస్తే రెండోది బదులు పలికేది.

వానలు తప్పిన ఏళ్ళు వరుసగా వచ్చాయి. ఊళ్ళో మగవాళ్ళతో పాటు మా ఆయన కూడా ఎండాకాలం మార్కాపురం పలకల గనికి పోయేవాడు. తొలకరికి వచ్చి సేద్యం చేసి మళ్ళీ పోయేవాడు. ఆ రాయిని పొరలు పొరలుగా చీల్చాలి, కొయ్యాలి, రుద్దాలి. తెల్లటి దుమ్ము. కనుబొమల మీద అది పేరుకుని, ఇంటికి వచ్చినప్పుడు పాతికేళ్ళ మనిషి ముసలాడిలా కనబడేవాడు. కడిగితే కనుబొమలు నల్లబడేవి. లోపలికి పోయినదాన్ని కడగడం ఎట్లా?

మొదట పొడి దగ్గు. తరువాత మాట మధ్యలో దగ్గు. ఆ తరువాత నాగలి మేడి మీద చెయ్యి వేసి సాలు మధ్యలో నిలబడిపోవడం. నేను గోడ అవతల వంట చేస్తూ వింటూ ఉండేదాన్ని. దగ్గు వస్తే భయం. ఆగితే ఇంకా భయం, ఎందుకు ఆగిందో అని వెళ్ళి చూసేదాన్ని. మార్కాపురం డాక్టరు చెవికి గొట్టం పెట్టుకుని విని, "ఆ దుమ్ములోకి పోవద్దు, తిండి బాగా తిను" అన్నాడు. దుమ్ములోకి పోకపోతే తిండి ఎక్కడిదో చెప్పలేదు. నేను అడిగాను కూడా. చీటీ మడిచి చేతిలో పెట్టాడు.

గనిలో చేసేవాళ్ళ ఇళ్ళలో ఈ దగ్గుకు ఒక మందు ప్రచారంలో ఉండేది. జెముడుకాకి కూర. తేలును, పామును, జెర్రిని తిని అరిగించుకునే పిట్ట కనుక, దాని మాంసంలో ఆ వేడి ఉంటుందని, రొమ్ములో పేరుకున్నదాన్ని కరిగిస్తుందని నమ్మేవారు. మార్కాపురం వైపు జెముడుకాకులు ఉచ్చుల పాలు కావడానికి అవి తినే తిండే కారణం. గని ఆడవాళ్ళు నాకు చెప్పారు, మిరియాలు, వెల్లుల్లి దంచి ఎట్లా వండాలో కూడా చెప్పారు. పిట్టలు పట్టే ఓబులేసుకు నేనే కబురు పెట్టాను.

ఓబులేసు భుజాన ఉచ్చులు వేసుకుని వచ్చాడు. "ఎనకటికి సంత రోజుకు బుట్టెడు పట్టేవాణ్ణి తల్లీ. ఇప్పుడు తాలూకా అంతా తిరిగినా ఈక దొరకడంలా. మీ కంచెలో జత ఉండాదంట గదా" అన్నాడు. వెనక నుంచి మా అత్త దోటికర్ర పట్టుకుని వచ్చింది.

"నా కంచె మీద చెయ్యేసినావంటే ఉచ్చు నీ మెడకే బిగిస్తా. పో."

ఓబులేసు నా వైపు చూసి, నవ్వలేక నవ్వి, పోయినాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"కొడుకు కన్నా కాకి ఎక్కువైందా నీకు?"

"నోరు ముయ్యి."

"మూయను. లోపల ఆయన దగ్గు నీకు వినబడటం లేదా?"

"నీకన్నా ముందు నుంచి వింటుండా ఆ దగ్గు" అన్నది. అంతే. ఎందుకు ఇవ్వదో చెప్పలేదు. ఆమె నన్ను కొట్టి ఉంటే మరిచిపోయేదాన్నేమో. చెప్పడానికి కూడా తగనిదానిలా నన్ను నిలబెట్టి, దోటికర్ర గోడకు ఆనించి, గొడ్లకు నీళ్ళు పెట్టడానికి పోయింది. అది నేను మరిచిపోలేదు.

మంచంలో ఉన్న మా ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, "మీరిద్దురూ ఏమన్నా చేసుకోండి. నాకు ఊపిరాడితే చాలు" అన్నాడు.

నేను మునసబు దగ్గరికి పోయాను. అత్త మీద కోడలు మునసబుకు ఫిర్యాదు చేయడం ఆ ఊళ్ళో అంతకు ముందు లేదు. మునసబు అరుగు మీద పెద్దమనుషులు కూర్చున్నారు. మా అత్తను పిలిపించారు. ఆమె చేలో నుంచి నేరుగా వచ్చింది, చేతులు ఎర్రగానే ఉన్నాయి.

"గురవక్కా, నీ మీద ఫిర్యాదు వచ్చింది" అన్నాడు మునసబు ముక్కుపొడి పట్టిస్తూ.

"ఎవురు చేసినారు?"

"నీ కోడలు."

"అదా! దానికి అది అన్నం తిన్నట్టే. ఈ పూటది ఏందంట?"

అరుగంతా నవ్వింది. నేను నా పెద్ద గొంతుతో అంతా చెప్పాను. మొగుడి ప్రాణం మీదికి వచ్చినా ఈమె మందు ఇవ్వనివ్వడం లేదని చెప్పాను. నవ్వు తగ్గింది. మునసబు తుమ్మి, ముక్కు తుడుచుకుని, "ఒక కాకి గదా అక్కా. బిడ్డ కన్నా ఎక్కువా? ఇచ్చెయ్" అన్నాడు.

మా అత్త నిలబడే జవాబు చెప్పింది. ఆమె అంతసేపు మాట్లాడటం నేను అప్పుడే విన్నాను. "అది తినేదేందో మీకు ఎరికేనా? నా చేన్లో పురుగు. పురుగు తగ్గితే నాకు ఆముదాలు వస్తాయి. ఆముదాలు వస్తే నా కొడుకు గనికి పోడు. ఆ పిట్ట నోరు ఆడుతుంటేనే నా కొడుకు ఇంటి కాడ ఉంటాడు. ఉండేది జత. ఒకటి పోతే రెండోది నిలవదు."

"కాకుల్ని జీతానికి పెట్టుకున్నట్టుండాదే గురవక్క" అన్నాడు ఎవరో. మళ్ళీ నవ్వులు. "ఏడాదికి ఎంత ఇస్తుండావక్కా?" అని ఇంకొకరు.

మునసబు నవ్వుతూనే తీర్పు చెప్పాడు. రెండింటిలో ఒక్కటి పట్టుకోవచ్చు, రెండోదాన్ని ముట్టరాదు. నేను గెలిచాను. ఆ ఊళ్ళో నేను గెలిచిన మొదటి పంచాయితీ అది. ఇంటికి వచ్చే దారిలో ఆమె ముందు, నేను వెనక. తల ఎత్తుకునే నడిచాను.

ఓబులేసు పిట్ట నడిచే దారిలో ఉచ్చు వేశాడు. మరునాడు మధ్యాహ్నానికే తెచ్చాడు. కాళ్ళు కట్టేసి ఉంది. ఎర్రటి కన్ను తిప్పుతూ, నోరు తెరిచి పాములా బుస కొట్టింది. పిల్లవాణ్ణి ఎత్తుకుని నేను వెనక్కి జరిగాను. ఓబులేసు దాని మెడ తిప్పి, మా పెరట్లో పెట్టి పోయాడు. మా అత్త చేనుకు పోతుందనుకున్నాను. పోలేదు. కత్తిపీట తెచ్చి వేసుకుని కూర్చుంది.

"ఇట్లరా. చూడు" అన్నది.

పొట్ట కోసి, లోపలిదంతా ఆముదపాకు మీద గుమ్మరించింది. ముద్ద ముద్దగా ఎర్రటి బొచ్చు, గొంగడి చింపి కుక్కినట్టు. పొట్ట లోపలి గోడకు కూడా ఆ వెంట్రుకలు గుచ్చుకుని ఉన్నాయి. పురుగుల తలకాయలు. మిడతల కాళ్ళు. తేలు తోక. ఆ ముద్దలో ఒక పురుగు ఇంకా కదులుతోంది. మా అత్త ఆ పురుగును పుల్లతో తీసి, రాయితో నలిపింది.

"ఈ పిట్ట పొద్దున లేసి చేసిన పని ఇది" అన్నది. గొంతు పెంచలేదు. "మీ మామ కూడా గనికి పోయినాడు. ఇదే దగ్గు. ఇదే మందు చెప్పినారు. నేనూ వండినా. ఒకటి గాదమ్మే. ఈ చుట్టుపట్ల పట్టినోళ్ళకు పట్టినన్ని. మూతి తిప్పకుండా తిన్నాడు. ఆ ఏటికి పిట్టలు అయిపోయినాయి. వానకు పురుగు లేసింది. చేను పోయింది. తినేదానికి లేక మళ్ళా గనికే పోయినాడు." అక్కడ ఆపేసింది. ఆ తరువాత ఏమైందో ఊళ్ళో అందరికీ తెలుసు, ఆమె తెల్లచీరకు తెలుసు.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చు గదా" అన్నాను.

"చెప్తే ఇంటివా?" అని లేచింది. "ఇంక నీ ఇష్టం. కోసిందైతే కోసినాము."

ఆకు మీద ఆ ఎర్ర ముద్ద, పీట పక్కన పిట్ట. ఆమె చెప్పింది అబద్ధం కాదని నాకు తెలుసు. ఆమె చెప్పింది నిజమైతే మా ఆయనకు మందు లేదనీ తెలుసు. రెండోది ఒప్పుకోవడానికి నా ప్రాణం ఒప్పలేదు. అప్పుడే లోపల ఆయనకు దగ్గు తెర వచ్చింది. గొంతులో గులకరాళ్ళు దొర్లినట్టు, ఎంతకీ ఆగని తెర. నేను పిట్టను తీసుకుని పొయ్యి దగ్గరికి పోయాను. ఇవాళ ఎవరు అడిగినా చెబుతాను, మళ్ళీ అదే చోట నిలబెడితే అదే చేస్తాను. లోపల మొగుడు ఊపిరి కోసం కొట్టుకుంటూ ఉంటే, రేపు వచ్చే పురుగును తలచుకుని పొయ్యి ఆర్పే ఆడది ఎవరైనా ఉంటే వచ్చి నాకు చెప్పమనండి.

ఆయన తిన్నాడు. ఎముకలు నమిలాడు, పులుసు జుర్రుకున్నాడు. మా అత్త ఆ పూట ఏమీ తినలేదు. నాలుగు రోజులు దగ్గు తగ్గింది. దుమ్ములోకి పోక తగ్గిందో, కూరకు తగ్గిందో దేవుడికి తెలియాలి. నేనైతే ఆమె ముందు నిలబడి, "చూసినావా అత్తా?" అన్నాను. "ఊఁ" అన్నది. ఆ ఊఁ లో ఏముందో ఇప్పటికీ నాకు తెలియదు.

మిగిలిన పిట్ట కంచెలో నుంచి పిలిచేది. బదులు రాక, కాసేపు ఆగి, మళ్ళీ పిలిచేది. కొన్నాళ్ళకు ఆ పిలుపు కూడా లేదు. ఎటు పోయిందో తెలియదు. మధ్యాహ్నం పూట ఆ కంచె పక్కన నడవాలంటే శబ్దం ఉన్నప్పటి కంటే లేనప్పుడే నాకు ఎక్కువ భయం వేసింది.

ఆ ఏడు వాన దండిగా పడింది. మనుషుల ముఖాలు తేటబడ్డాయి. ఆముదం, కంది లేచి నిలబడ్డాయి. వాన పడిన మూడు నాలుగు సాయంత్రాలకు దీపం చుట్టూ తెల్లటి రెక్కల పురుగులు ముసిరాయి. మా అత్త దీపం ఆర్పేసి చీకట్లో కూర్చుంది. ఆమె ముఖం కనబడలేదు గానీ, ఆమె ఊపిరి తీసే తీరు వినబడింది. ఆమెకు భయం వేయడం నేను అంతకు ముందు చూడలేదు.

తరువాత ఆ రెక్కల పురుగులు పెట్టిన గుడ్లు పగిలి గొంగళిపురుగు లేచింది. ఒక చేను తిని, ఇంకో చేనులోకి నడిచి వచ్చింది. నేల కదులుతున్నట్టు ఉండేది. ఆకాశంలో మబ్బు లేదు, చేలో మాత్రం తుంపర పడుతున్న చప్పుడు. అది అవి ఆకులు నమిలే చప్పుడు. కాలవలు తవ్వాము, చెత్త వేసి కాల్చాము, పుల్లలతో ఏరి కుండల్లో వేసి పూడ్చాము. మా అత్త చేతులు తట్లు తేలి వాచిపోయాయి. అవి ఇళ్ళల్లోకి వచ్చాయి. గోడల మీద, నీళ్ళ కుండ మూత మీద, ఉయ్యాల తాడు మీద. మా పిల్లవాడి మెడ చుట్టూ ఎర్రగా పొంగింది, రోజంతా ఏడ్చాడు. చివరికి చేలో ఆముదం ఈనెలు పుల్లల్లా నిలబడ్డాయి.

పోయింది మా ఒక్క చేను కాదు. ఊళ్ళో అందరిదీ పోయింది. ఒక పిట్ట ఉండి ఉంటే అంత పురుగును తినేదా అని నేను అప్పుడూ అడిగాను, ఇప్పుడూ అడుగుతాను. ఎవరూ తేల్చి చెప్పలేరు. అంతకు ముందు ఏళ్ళలో పురుగు వచ్చినప్పుడు, అందరి చేలూ పోయి మా చేను సగమైనా నిలిచేది. అది కూడా నిజమే కనుక రాస్తున్నాను.

మా ఆయన దుప్పటి మడిచి మూట కట్టాడు. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"పోవద్దు."

"పోకుంటే తినేదేంది? పురుగులా?" అన్నాడు. తన మాటకు తనే నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు తగ్గిందాకా గోడ పట్టుకుని నిలబడి, పిల్లవాడి తల నిమిరి, పోయాడు. మా అత్త గొడ్ల చావడి దగ్గర స్తంభాన్ని రెండు చేతులతో పట్టుకుని చూస్తోంది. కొడుకును ఆపలేదు. నా వైపు చూడలేదు. ఆ తరువాతి ఎండల్లో ఆయన్ను బండి మీద తెచ్చి దించారు. కనుబొమలు కడిగాము. అవి నల్లబడ్డాయి. ఊపిరి లేదు.

అప్పటి నుంచి నేను ఒక మాట కోసం ఎదురు చూశాను. ఇంటికి వచ్చినవాళ్ళందరి ముందూ ఆమె ఆ మాట అంటుందని, పెద్దకర్మ నాడు అంటుందని, కోపం వచ్చిన ఏదో ఒక పూట అంటుందని. నువ్వు వండిన కూరే నా కొడుకును గనికి పంపింది అని. రోజూ పొద్దున లేస్తూనే, ఈ రోజు అంటుంది అని భయపడేదాన్ని. జవాబు కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాను. మిగతావన్నీ అన్నది. ఉప్పు ఎక్కువ అన్నది, కసువు సరిగ్గా ఊడవలేదన్నది, నా కూతకు పిల్లవాడు అదిరిపడుతున్నాడన్నది. ఆ ఒక్కటి అనలేదు. ఏళ్ళు గడిచాయి. రెండు తెల్లచీరలు ఒకే చేలో కలుపు తీశాయి.

ఒకనాడు నేనే ఉండబట్టలేకపోయాను. కందిసాళ్ళలో పక్కపక్కన ఉన్నాము. కొడవలి పడేసి అరిచాను. "అనెయ్ అత్తా! లోపల పెట్టుకుని నన్ను ఎన్నాళ్ళు చంపుతావు? నా వల్లనే అనుకుంటుండావు గదా. అనెయ్, ఒక పని అయిపోతుంది."

ఆమె వంగినచోటనే తల తిప్పి చూసింది. "మీ మామ పోయినప్పుడు మా అత్త నన్ను అనింది" అన్నది. "నువ్వు వండిపెట్టి వాణ్ణి పంపినావు అనింది. తాను పోయిందాకా అనింది. ముద్ద ముద్దకూ అనింది." పెరికిన గడ్డి దుమ్ము దులిపి గట్టు మీదికి విసిరింది. "ఆ సాలు నీది. ముందుకు పో."

నేను కొడవలి తీసుకున్నాను. ఇన్నేళ్ళుగా సిద్ధం చేసుకున్న జవాబు నోట్లోనే ఉండిపోయింది.

నాకూ ఇప్పుడు కోడలు ఉంది. తప్పులు చేస్తుంది. చిన్నవీ చేస్తుంది, పెద్దవీ చేస్తుంది. అనడానికి నోరు తెరుస్తాను. నా నోరు సంగతి ఊరందరికీ తెలుసు. కానీ నోరు తెరిచిన తరువాత, మాట బయటికి వచ్చే ముందు, నాకు భయం వేస్తుంది. ఈ మాట పొద్దుగూకేసరికి పోయే మాటా, ఆ పిల్ల ముద్ద ముద్దకూ గొంతులో అడ్డం పడే మాటా అని. తేల్చుకోలేక, చాలాసార్లు మింగేస్తాను. అది గొంతు దిగేటప్పుడు గుచ్చుకుంటూ దిగుతుంది. ఈ భయం నాకు మా అత్త పెట్టింది. నేను అడగలేదు. ఆమె మీద నాకున్న ఫిర్యాదుల్లో ఇది కూడా ఒకటి.